ఫోనుకి రెండు నంబర్లేమిటండీ?

సాలూరు నుంచి ఒక సోదరి నెట్ గురించి అడుగుతూ ఉత్తరం రాశారు. అందులో ఇంటి ఆడపిల్ల మీద పడ్డ నింద కూడా ఉంది కాబట్టి, మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ముందు దీనికే జవాబిస్తున్నాను.

వాళ్ళ వైఫైని పక్కవాళ్ళు వాడేస్తున్నారని పెద్దబ్బాయి రౌటరులో ఒక జాబితా పెట్టాడట. జాబితాలో నంబరు ఉన్న ఫోనుకే నెట్ వస్తుంది. ఈమధ్య చెల్లెలికి కొత్త ఆండ్రాయిడ్ ఫోను కొన్నారు. 'ఎబౌట్ ఫోన్'లో కనబడ్డ నంబరు చూసి అతనే జాబితాలో ఎక్కించాడు. అయినా నెట్ రాలేదు. తీరా చూస్తే ఆ ఫోను రౌటరు దగ్గరికి వేరే నంబరుతో వస్తోంది! సెట్టింగుల్లో 'ప్రైవసీ' అన్న మాట కనబడేసరికి, "మా గుంట మా దగ్గర ఏదో దాస్తోందని వాళ్ళన్న గొడవ. అది అన్నం మానేసి కూర్చుంది. నా బ్లౌజుల ఆర్డర్లు వచ్చేదీ ఆ ఫోనుకే" అని ఆవిడ బాధ.

అమ్మా, ముందు పిల్లకి అన్నం పెట్టండి. ఆ నంబరు మార్చింది అమ్మాయి కాదు, ఫోనే మార్చుకుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లలో ఈ ఏర్పాటు ముందే పెట్టి ఉంటోంది.

మీది లారీల ఊరు, మీకు చెప్పడం తేలిక. లారీకి ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఒకటి, బోర్డు మీద రాసింది ఒకటి. చెక్‌పోస్టులో దూరం నుంచి చూసేది బోర్డునే కదా! వైఫై ఉన్న ప్రతి వస్తువుకీ తయారీలోనే ఒక నంబరు వేస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు (యాపిల్ వాళ్ళ మ్యాక్ కంప్యూటరుకీ దీనికీ చుట్టరికం లేదు). అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిపి పన్నెండు ఉంటాయి. రెండేసి చొప్పున ఆరు జతలు. మొదటి మూడు జతలూ తయారీ కంపెనీ గుర్తు. ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంస్థ వాటిని కంపెనీలకి కేటాయిస్తుంది. ఇది ఛాసిస్ నంబరనుకోండి. గాలిలోకి పంపే నంబరు మాత్రం బోర్డులాంటిది. దాన్ని సాఫ్ట్‌వేరు మార్చగలదు.

ఎందుకు మార్చడం అంటారా? వైఫై వెతుక్కుంటూ ఫోను ఊరికే పిలుస్తూ ఉంటుంది. 2013లో లండన్‌లో ఒక కంపెనీ వీధి చెత్తబుట్టల్లో యంత్రాలు పెట్టి, దారిన పోయేవాళ్ళ ఫోన్ల నంబర్లు పట్టింది. గొడవయ్యాక నగరపాలకులు ఆపించారు. ఒకే నంబరు ఎప్పుడూ మోస్తుంటే, ఒక మనిషి ఏ రోజు ఎటు వెళ్ళిందో లెక్క కట్టొచ్చన్నమాట. ఒంటరిగా తిరిగే ఆడపిల్లకి ఈ అడ్డు ఉండటమే మేలని నా అభిప్రాయం. అందుకే ఫోను ఒక్కో వైఫైకి ఒక్కో నంబరు చెబుతుంది. అమ్మాయి ఎవరితో మాట్లాడిందో, ఏం చూసిందో దాచే శక్తి దీనికి లేదు. అసలు ఈ నంబరు మీ ఇంటి రౌటరు దాటి బయటికే పోదు.

మీ అబ్బాయి ఎక్కించింది ఛాసిస్ నంబరు. రౌటరుకి కనబడుతున్నది బోర్డు. సర్దుబాటు సులువే. అమ్మాయి ఫోనులో వైఫై సెట్టింగులకి వెళ్ళి, ఇంటి వైఫై పేరు పక్కనున్న పళ్ళచక్రం గుర్తు నొక్కి, ప్రైవసీలో 'డివైస్ మ్యాక్' ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో 'ఫోన్ మ్యాక్' అని ఉంటుంది. ఇది మీ ఇంటి వైఫై ఒక్కదానికే వర్తిస్తుంది. బయట పాత ఏర్పాటే ఉంటుంది, దాన్ని కదపకండి.

అయితే అబ్బాయికి ఒక మాట. ఆ జాబితా తాళం కాదు నాయనా. పాస్‌వర్డు ఉన్నా సరే, మీ ఫోన్ల నంబర్లు గాలిలో పైకే కనబడతాయి. పట్టుకునే సాఫ్ట్‌వేరు దొరుకుతుంది. పట్టినవాడు తన కంప్యూటరుకి అదే నంబరు తగిలించుకుంటే రౌటరు మోసపోతుంది. అసలు తాళం పాస్‌వర్డే. రౌటరులో డబ్ల్యుపిఎ2 గానీ, ఉంటే డబ్ల్యుపిఎ3 గానీ పెట్టి, పదిహేను అక్షరాలకి తగ్గని కొత్త పాస్‌వర్డు వేయండి. లారీ నంబరూ, ఫోను నంబరూ మాత్రం వద్దు, వీధంతా ఎరిగినవి అవి!

నంబరు మార్చుకోవడం తప్పుపని కాదు. నెట్ ఇచ్చే ఆపరేటరు పాత రౌటరు నంబరే రాసుకుని ఉంటే, కొత్తది కొన్నప్పుడు దానిలోని 'మ్యాక్ క్లోన్'తో పాత నంబరు తగిలించుకోవచ్చు. కంప్యూటరుకి సొంతంగా వేసుకుంటే రెండో స్థానంలో 2, 6, ఏ, ఈలలో ఒకటి ఉండాలి. సొంతంగా పెట్టుకున్నదని దానికి గుర్తు అదే. ఇంట్లో రెండు వస్తువులకి ఒకే నంబరు పడితే రెండింటికీ నెట్ తడబడుతుంది. ఫోను ఐఎంఇఐ నంబరు వేరే సంగతి. దాన్ని మార్చడం మన దేశంలో నేరం, ఆ జోలికి పోకండి.

పాస్‌వర్డు మార్చాక జాబితా తీసేయొచ్చు. కొత్త పాస్‌వర్డు ఇంట్లో ఉన్న టీవీకి, ప్రింటరుకి కూడా ఎక్కించాలి. ఆర్డర్లు తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట ఆ పని పెట్టుకోండి.