చెట్టు పేరు, చెప్పినవారి పేరు

తెలుగువారు వలందులని పిలిచిన డచ్చివారిలో తొలితరం వృక్షశాస్త్రజ్ఞుడిగా పేరుపొందిన హెండ్రిక్ వాన్ రీడ్ (1636–1691) నిజానికి శాస్త్రం చదివినవాడు కాడు. డచ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో సైనికుడిగా చేరి, 1670ల తొలినాళ్లలో కొచ్చి నుంచి మలబారు తీరాన్ని పాలించిన అధికారి. ఆ కాలంలో ఆయన తలపెట్టిన ‘హోర్టస్ మలబారికస్’, అనగా ‘మలబారు తోట’, 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా అచ్చయి, సుమారు 740 మొక్కల రూపగుణాలను రాగిరేకు చిత్రాలతో ఐరోపాకు తెలియజేసింది. స్థానిక మూలికలు తెలిస్తే కంపెనీకి మందుల ఖర్చు కలిసివస్తుందన్న లెక్క కూడా ఆ శ్రమ వెనుక ఉంది.

గ్రంథం వాన్ రీడ్ పేరుతోనే చలామణి అవుతున్నా అందులోని విద్య ఆయన ఒక్కడిది కాదు. ఈళవ కులస్థుడైన వైద్యుడు ఇట్టి అచ్యుతన్ తన ఇంట పరంపరగా వచ్చిన తాళపత్రాల ఆధారంగా మలయాళంలో చెప్పిన విషయాలను కంపెనీ దుబాసీ ఇమాన్యుయేల్ కార్నేరో పోర్చుగీసులోకి మార్చగా, అవి డచ్చి మీదుగా లాటిన్‌కు చేరాయి. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణి బ్రాహ్మణ వైద్యులు కూడా తమ పాండిత్యాన్ని అందించారు.

కొబ్బరిచెట్టుతో మొదలయ్యే తొలి సంపుటంలో చెట్ల పేర్లు రోమన్, మలయాళ, అరబ్బీ, నాగరి లిపులలో చిత్రపటాల మీదే కనిపిస్తాయి. మలయాళ అచ్చక్షరాలు ఇంకా పోతపోయని రోజులవి కనుక ఆ లిపిని బొమ్మతోపాటు రేకు మీద చెక్కారు. తాను చెప్పినవి నిజమని అచ్యుతన్ 1675 ఏప్రిల్ 20న కోలెళుత్తు అనే పాత లిపిలో రాసిచ్చిన ధ్రువపత్రం కూడా అదే సంపుటంలో చోటుచేసుకుంది.

ప్రజాతి, జాతి అనే రెండు మాటలతో మొక్కను గుర్తించే ద్విపదనామ పద్ధతిని 1753లో స్థిరపరచిన లినేయస్ ఈ గ్రంథాన్ని విస్తారంగా ఆధారం చేసుకున్నాడు. ఏలకి ప్రజాతి ‘ఎలెట్టేరియా’లోనూ, కానుగకు పెట్టిన ‘పొంగామియా’లోనూ ఇందులో నమోదైన స్థానిక నామాలే లాటిన్ వేషంలో మిగిలాయి.

అయితే చెట్ల పేర్లు తీసుకున్నంత సులువుగా శాస్త్రం వాటిని చెప్పినవారి పేర్లు తీసుకోలేదు. అచ్యుతన్ చరిత్రకు దక్కింది ఆ ఒక్క కాగితాన్ని అచ్చువేయడం వల్లనే. తెలుగు పల్లెల్లో మూలికల పేర్లు సేకరించేవారు సైతం పేరు పక్కన చెప్పిన మనిషినీ, ఊరినీ, తేదీనీ రాసిపెట్టడం ఆ కాగితం నేర్పే పాఠం.