వాకిట్లో వాహనాలు

సౌకార్‌పేట వీధులు మోటారు బండ్లను ఎరిగి పుట్టినవి కావు. గోడకు గోడ ఆనించి కట్టిన ఇండ్లు. గడప దిగితే వీధి. ఆ వీధిలోనే సరకుల బండి, ఆటో, పాలవాడు, పెండ్లి ఊరేగింపు. ఈ ఇరుకులోనూ చుట్టుపట్లా మన పిల్లల బడులూ కళాశాలలూ ఉన్నవి. ఇప్పుడు కళాశాల పిల్లలు చాలమంది స్కూటర్లమీద వస్తున్నారు. పిల్లలు లోపల, బండ్లు వెలుపల. ఆ వెలుపల అన్నది ఎవరిదో ఒకరి వాకిలి. ఈ నెల ఆ సంగతి పాఠకులతో ముచ్చటించదలచినాము.

ముందు కొలతలు చూద్దాము. మోటారు సైకిలు పొడవు సుమారు 2 మీటర్లు. 4 మీటర్ల సందులో ఒక వరుస బండ్లను అడ్డంగా నిలిపితే సగం దారి పోయినట్లే. పెద్ద అగ్నిమాపక వాహనం వెడల్పు సుమారు 2.5 మీటర్లు. అంటే ఆ పూట అక్కడ నిప్పంటుకుంటే నీళ్ల బండి వీధి మొగలోనే నిలిచిపోవలసినదే. గుండెనొప్పి వచ్చిన పెద్దవారిని అంబులెన్సు దాకా చేతులమీద మోసుకొని పోవలసినదే. అందుచేత దీనిని ఇరుగుపొరుగుల చిల్లర తగవుగా తీసివేయరాదు.

చోటు చాలకపోవడం చెన్నపురికి కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడికి దాపున, నేటి నేతాజీ సుభాష్ చంద్రబోసు రోడ్డున ఉండిన పచ్చయప్ప కళాశాల 1940లో చేట్‌పట్‌కు తరలినది. కొత్వాల్ చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు పోయినది. కాని అన్నిటినీ ఇట్లా తరలించుకుంటూ పోతే ఈ వీధుల పిల్లలకు నడిచిపోయే దూరంలో చదువు మిగలదు. జార్జిటౌనులో కన్యకాపరమేశ్వరి దేవస్థానంవారి మహిళా కళాశాల వంటివీ, ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిన బ్రాడ్వేలో ప్రభుత్వ భారతి మహిళా కళాశాల వంటివీ దగ్గరలో ఉండబట్టే ఎందరో ఆడపిల్లలు పట్టభద్రులైనారు. కళాశాలలు ఇక్కడే ఉండాలి. ఉండి, పొరుగువారితో పొందికగా ఉండాలి.

“ఆవరణలో పెట్టుకోనివ్వరాదా?” అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఒక బాడ్మింటన్ ఆటస్థలం వైశాల్యం సుమారు 82 చదరపు మీటర్లు. ఒక్కొక్క స్కూటరుకు 2 చదరపు మీటర్ల చొప్పున, నడిచే దారి కూడా వదలకుండా సర్దినా 40 బండ్లు పట్టుతవి. 40 మంది సౌకర్యానికి అందరి ఆటస్థలమూ పోతుంది. అదే లెక్కన ఒక కారు 12 చదరపు మీటర్లు తీసుకుంటుంది. అంటే ఆరు స్కూటర్ల చోటు. పెద్దల కార్లు లోపల నీడన, పిల్లల స్కూటర్లు వీధిలో ఎండన ఉండే చోట, బండ్లు తేవద్దని పిల్లలకు చెప్పే నోరు పెద్దలకు ఎట్లా వస్తుంది?

స్కూటరును వట్టి షోకుగా చూడడమూ తప్పే. దూరాన్నుంచి వచ్చే పిల్లకు, తరగతులు ముగిసి నేరుగా ఉద్యోగానికి పోయే పిల్లవానికి, క్రిక్కిరిసిన బస్సులో నలిగిపోయినవారికి అది ధైర్యమిచ్చే వస్తువు. కనుక అందరికీ ఒక్కటే నిషేధం పెట్టరాదని మా అభిప్రాయం. అవయవలోపం గలవారికి మొదటి చోటు. బస్సూ రైలూ అందని ప్రాంతాలవారికి, చదువుతో పాటు ఉద్యోగం చేసేవారికి తరువాతి చోటు. తక్కినవారికి వేరు దారులున్నవి. 2019 ఫిబ్రవరిలో మణ్ణడి, హైకోర్టు మెట్రో స్టేషన్లు తెరిచినారు. 2021 ఫిబ్రవరిలో ఆ రైలు ఉత్తరాన విమ్కో నగరు దాకా సాగినది. ఇంటి దగ్గరి స్టేషనులో బండి ఉంచి, ఇక్కడ దిగి నడవవచ్చును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కూడ విద్యార్థి మోటారు బండి ఉంచుకోవాలంటే అనుమతి పొందాలన్న నియమం ఎంతోకాలం నడిచినది.

తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి సంవత్సరంలో చేరే పిల్లలు కొందరికి 17 ఏండ్లే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 50 సి.సి. మించని గేర్లు లేని బండికి 16 ఏండ్లు చాలును గాని, మామూలు స్కూటరు నడపడానికి 18 నిండాలి. 2019 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకుడు లేక బండి యజమాని 25,000 రూపాయల జుల్మానాకు, మూడేండ్ల వరకు జైలుకు పాత్రుడు. పుట్టినరోజు కానుకగా తాళంచెవి ఇచ్చేముందు ఏ పుట్టినరోజో లెక్క చూచుకోవలెను.

“గేటు దాటితే మాకు సంబంధం లేదు” అనే యాజమాన్యం మాట సరికాదు. బండ్లు వచ్చినది కళాశాల కోసమే. చేరికల వేళనే ఎవరు ఎట్లా వస్తారో అడిగి వ్రాసుకోవాలి, అర్హులకు చీటీలివ్వాలి, తరగతులు మొదలయ్యే వేళ వీధిలో ఒక మనిషిని నిలిపి, దారి తెరపిగా ఉంచాలి. ఎదురింటివారిని పిలిచి వారి కష్టం వినాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

మన సంఘ సభ్యులలో విద్యాసంస్థల కమిటీలలో కూర్చునేవారున్నారు. వచ్చే సమావేశంలో ఈ విషయం ఎత్తవలసినదిగా వారికి మా మనవి. మొదటి తీర్మానం తమ కార్లను గురించి చేసి, రెండవది స్కూటర్లను గురించి చేస్తే పిల్లలు తప్పక వింటారు.