పాటలకో సొంతిల్లు

హీరో ఎంతటివాడైనా కాల్షీటు అయిపోతే సెట్టు మీంచి వెళ్ళిపోవలసిందే! మన ఫోన్లలో మోగే స్ట్రీమింగు పాటలదీ అదే వరస. 2023 మార్చిలో జీ మ్యూజిక్ వారి పాటలు స్పాటిఫైలోంచి హఠాత్తుగా మాయమయ్యాయి. కారణం? రెండు కంపెనీలకీ బేరం కుదరలేదు, అంతే! 2024లో ఎయిర్‌టెల్ వారు వింక్ మ్యూజిక్ దుకాణాన్నే కట్టేశారు. నెలనెలా డబ్బు కట్టేది అద్దెకేగాని పాటకి కాదన్నమాట. అద్దె ఇల్లు ఎంత బావున్నా ఖాళీ చేయమన్న రోజున చేయాలి కదండీ!

అందుకే కాబోలు, ఈమధ్య కుర్రకారు మళ్ళీ సీడీల అట్టపెట్టెలు దులుపుతున్నారు. నాచారంలో నాకో మిత్రుడున్నాడు. ఎన్టీ రామారావుగారు 1976లో రామకృష్ణా సినీ స్టూడియో కట్టించిన పేట కదా, ఆ గాలికే వీడికి సినిమా పిచ్చి పట్టిందని మేం ఏడిపిస్తుంటాం. వాడి దగ్గర మూడొందల సీడీలున్నాయి. "గురూ, వీటన్నిటినీ ఒక పెట్టెలోకి ఎక్కించి, ఇంట్లో ఏ గదిలో కావాలంటే ఆ గదిలో వినాలి. ఏ పెట్టె కొనమంటావ్?" అని కబురెట్టాడు. ఉప్పల్నుంచి ఆటో ఎక్కి వెళ్ళాను.

"పెట్టె సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం పద" అన్నాను.

సీడీలో గంటసేపు పాటలుంటే అవి సుమారు 635 ఎంబీ తూగుతాయి. వాటిని 'ఫ్లాక్' పద్ధతిలో దాచామంటే సుమారు సగానికి తగ్గుతాయి. తగ్గేది బరువే, నాదం కాదు. ఒక్క చిన్న మువ్వ చప్పుడు కూడా పోదు. ఆ లెక్కన మూడొందల సీడీలూ కలిపినా ఓ 100 జీబీ. 1 టీబీ డిస్కు కొంటే ఇంకా ఊరంత ఖాళీ మిగుల్తుంది! కాబట్టి నాలుగు డిస్కులు పట్టే భారీ పెట్టె చూపించి మురిపించే సేల్సుమన్‌కి దూరంనుంచే ఓ నమస్కారం.

ఇంకోమాట. వందేసి పాటలుండే ఎంపీత్రీ సీడీలు మనందరి ఇళ్ళల్లోనూ వున్నాయి. వాటిని ఫ్లాక్‌లోకి మార్చి లాభం లేదు. పాలల్లో కలిసిన నీళ్ళు గిన్నె మారిస్తే విడిపోతాయా? వాటిని వున్నవాటిని వున్నట్టే దాచుకోండి.

ఇక మన హీరో పాత్రకి ముగ్గురు అభ్యర్థులు. మొదటిది రాస్‌బెర్రీ పై. అరచేతిలో ఇమిడే కంప్యూటరు, కరెంటు బహు పొదుపుగా తాగుతుంది, కాస్త ఓపికగా అమర్చుకోవాలి. రెండోది సైనాలజీ వగైరా కంపెనీల 'నాస్' పెట్టె. అమరిక సుళువు, ధర బరువు. మూడోది, ఎవరూ పట్టించుకోని క్యారెక్టర్ యాక్టరు... అటక మీది పాత లాప్‌టాప్! బ్యాటరీ బావుంటే కరెంటు పోయినా అది వెంటనే ఆగిపోదు. వీటిలో దేనిమీదైనా నావిడ్రోమ్, లిరియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు పనిచేస్తాయి. 'రూన్' అనేది దర్జాగా వుంటుందిగాని డబ్బు కట్టాలి. కట్టినా స్పాటిఫై పాటలు అందులో కలవవు. స్ట్రీమింగూ సొంత పాటలూ ఒకే స్పీకర్లో వినాలంటే స్పాటిఫై కనెక్టూ, డీఎల్ఎన్ఏ రెండూ వున్న ప్లేయరు చూసుకుంటే సరి.

మావాడు పాత లాప్‌టాపుకే ఓటేశాడు. ఉప్పల్లో మెట్రో ఎక్కి పారడైజ్ స్టేషన్లో దిగి, సికింద్రాబాదు సీటీసీలో ఓ డిస్కూ, యూఎస్బీకి తగిలించే సీడీ డ్రైవూ తెచ్చుకున్నాం. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాం. గీతలు పడ్డ సీడీని కూడా అది ఓపిగ్గా మళ్ళీమళ్ళీ చదువుతుంది.

కథ సుఖాంతమైందనుకున్నారా? ఇంటర్వెల్ అండీ ఇది!

'దేవదాసు' అని వెతికామనుకోండి. 1953 నాటి సుబ్బురామన్‌గారి దేవదాసా, 1974 నాటి రమేష్ నాయుడుగారి దేవదాసా, 2006 నాటి చక్రిగారి దేవదాసా? పెట్టెకేం తెలుసు! ఎస్పీబీ ఒకరు, బాలు మరొకరు, బాలసుబ్రహ్మణ్యం ఇంకొకరు అనుకుంటుంది అమాయకంగా. ఒక సినిమాలో నలుగురు గాయకులు పాడితే సినిమానే నాలుగు ముక్కలుగా చూపించగలదు. అందుకని ఆల్బమ్ అన్నచోట సినిమా పేరూ, సంవత్సరమూ రాయండి. ఆల్బమ్ ఆర్టిస్టు అన్నచోట సంగీత దర్శకుడు, ఆర్టిస్టు అన్నచోట గాయనీగాయకులు. ఒక పేరుని ఎప్పుడూ ఒకేలా రాయండి. ముఖ్యంగా పాట రాసిన కవి పేరు మరిచిపోకండి. స్ట్రీమింగులో పాట బొమ్మ కింద గాయకుడు కనిపిస్తాడుగాని కవిగారు ఎన్నిసార్లు కనిపిస్తారు చెప్పండి? సీడీ అట్టమీద చీమ తలకాయంత అక్షరాల్లోనైనా ఆయన వున్నాడు. ఆ అట్ట చిరిగితే ఆ పేరూ పోతుంది. సాయంత్రానికి నాలుగు సీడీల చొప్పున మావాడికి 75 సాయంత్రాల పని. పెట్టె కొనడానికి పట్టింది ఒక పూట!

ఇక క్లయిమాక్సు. డిస్కు అన్నది ఎప్పుడో ఒకనాడు పాడవుతుంది. నాస్ పెట్టెలో జంట డిస్కులున్నా, పొరపాటున చెరిపిన పాట రెంటిలోనూ చెరిగిపోతుంది. 2020 అక్టోబరు వానలకి మన పక్కనే రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో ఇళ్ళల్లోకే నీళ్ళొచ్చాయి. అలాంటప్పుడు రెండు కాపీలూ ఒకే బీరువాలో వుంటే ఏం లాభం? అందుకే మేమిద్దరం ఓ ఒప్పందానికొచ్చాం. పాస్‌వర్డు తాళం వేసిన వాడి రెండో డిస్కు మా ఉప్పల్ ఇంట్లో, నాది వాడి నాచారం ఇంట్లో. వియ్యంకుల మర్యాదలన్నమాట! ఎవరి పాటలు వారివే, కాపలా మాత్రం ఒకరికొకరం.

స్ట్రీమింగు మానేయమని చెప్పను. కొత్త సినిమా పాట తెల్లారేసరికి చెవిన పడాలంటే అదే దిక్కు. కానీ నచ్చిన పాటని మాత్రం అద్దె ఇంట్లో వదిలేయకండి. ముందు మీ సీడీలు లెక్కపెట్టండి, తర్వాత పేర్లు రాయండి, పెట్టె ఆఖర్న కొనండి. మొదటి సీడీగా ఏది ఎక్కిస్తారో... కవి పేరుతో సహా మాకో కార్డు ముక్క రాయండి మరి!