స్వల్ప వ్యయంలో సోల్డరింగ్ స్టేషన్ : ఒక అభిప్రాయం

ఎలక్ట్రానిక్స్ ఒక పాఠ్యాంశంగా బి.ఎస్సీ. చదువుతున్న విద్యార్థికి డయోడు లక్షణ రేఖను గీయడం వచ్చును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు గెయిన్ లెక్కకట్టడమూ వచ్చును. కాని అదే ట్రాన్సిస్టరు మూడు కాళ్ళను రాగిపూత పలకపై నిలిపి అతికించుమంటే వెనుకాడుతాడు. ఇందుకు అతనిని తప్పుపట్టుట న్యాయం కాదు. బ్రెడ్‌బోర్డుపై తీగలు గుచ్చి, రీడింగులు వ్రాసుకొని, గంట మ్రోగగానే అన్నింటినీ పీకివేయడమే మన ప్రయోగశాలల సంప్రదాయం. ఇంటివద్ద స్వయంగా ఒక చిన్న రేడియోనో, బ్యాటరీ చార్జరునో నిర్మింపదలచిన విద్యార్థి మొట్టమొదట కొనవలసిన పనిముట్టు టంకం పెట్టే కడ్డీ, అనగా సోల్డరింగ్ ఐరన్. ఆ కొనుగోలు సరిగా జరుగకపోవడం వలన ఉత్సాహవంతుడైన యువకుడు రెండు వారాలు తిరుగకముందే "ఈ పనికి నా చేయి కుదరదు" అని అన్నింటినీ మూటకట్టి అటక మీద పెట్టును. లోపం చాలసార్లు చేతిది కాదు, పనిముట్టుది. కనుక తక్కువ ధనంతో ఎట్టి పనిముట్టు కొనవలెనన్నది చిన్న విషయమని నేననుకొనను.

ముందుగా టంకం అంటే ఏమిటో ఒక్కమాట. మట్టెవాడ వంటి పాత పేటలలో పెరిగిన పెద్దలకు ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవారు జ్ఞాపకముందురు. గిన్నెను నిప్పులపై బాగుగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరపు ముక్కను తాకించి, దూదితో ఒక్క తిప్పు త్రిప్పగానే గిన్నె లోపలంతా వెండివలె మెరిసేది. ఇందులో మన విద్య అంతా ఉన్నది. ఆ పనివారు చల్లని గిన్నెపై తగరం కరిగించి పోయలేదు, గిన్నెనే వేడిచేసి తగరం దానంతట అది ప్రాకునట్లు చేశారు. నవాసాగరం పని లోహంపైనున్న చిలుమును తొలగించుట. కరీంనగరంలో వెండి ఫిలిగ్రీ పనివారు వెంట్రుకల వంటి తీగలను అతికించునప్పుడు వెలిగారం చేసే పనియు అదే. ఎలక్ట్రానిక్స్‌లో ఈ పనిని పైన్ చెట్టు జిగురు నుండి తీసిన రోజిన్ చేయును. మంచి సోల్డరు తీగ కడుపులోనే అది నింపబడి ఉండును. దుకాణంలో "లెడ్డు" అని అడిగితే ఇచ్చే తీగ ఇదే. అందులో తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు ఉన్నచో అది 183 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగనారంభించి 190 డిగ్రీల లోపున పూర్తిగా ద్రవమగును. 63కు 37 పాళ్ళదైతే సరిగ్గా 183 వద్దనే ఒక్కసారిగా కరుగును. నేర్చుకొనువారికి ఈ రెండవది మేలు.

కరగడానికి 183 డిగ్రీలు చాలునప్పుడు కడ్డీ కొన 320, 350 డిగ్రీలు ఎందుకుండవలెనని ప్రశ్న రావచ్చును. కొనలోని వేడి కాలును, రాగిపొరను రెండింటినీ రెండు మూడు సెకన్లలో కరిగే స్థాయికి తేవలెను. ఆలస్యమైతే రాగిపొర పలక నుండి ఊడివచ్చును. సాధారణ 25 వాట్ల కడ్డీకి తన ఉష్ణోగ్రత ఎంతో తెలియదు. ఖాళీగా ఉంచితే 400 డిగ్రీలు దాటి బిట్టును మాడ్చుకొనును. వెడల్పైన రాగిపొరకు తాకించితే చల్లబడి, సోల్డరును గంజి ముద్దవలె చేయును. ఆ అతుకు చూచుటకు అతికినట్లే ఉండును, మరునాడు కదలించితే సర్క్యూటు మూగబోవును. స్టేషనులోనైతే హీటరు ప్రక్కనే సెన్సారు ఉండును. వేడి తగ్గినంతనే విద్యుత్తును ఎక్కువగా పంపును, చేరవలసినచోటికి చేరినంతనే ఆపును. కావున 60 వాట్ల స్టేషను 25 వాట్ల కడ్డీకన్న ఎక్కువ వేడిదని భావించుట పొరపాటు. వాట్లు మేడమీది తొట్టెలోని నీరు వంటివి. ఎంత కావలెనో అంత వదలునది క్రింది కుళాయి.

ఈ ఉపాయం క్రొత్తది కాదు. వెల్లర్ సంస్థ మాగ్నస్టాట్ కడ్డీలలో బిట్టు వెనుక ఒక అయస్కాంత ధర్మంగల బిళ్ళ ఉండును. నిర్ణీత ఉష్ణోగ్రత చేరగానే అది అయస్కాంత ధర్మాన్ని కోల్పోయి స్విచ్చిని వదలివేయును. భౌతికశాస్త్రంలో మనం కంఠస్థం చేసే క్యూరీ ఉష్ణోగ్రత అక్కడ కూలికి పనిచేయుచున్నది! బిట్టుపై 7 అని ఉంటే 700 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా సుమారు 370 సెంటీగ్రేడు. పరీక్షలలో క్యూరీ పేరు వ్రాసే విద్యార్థులకు ఈ ఉదాహరణ ఎవరైనా చెప్పుచున్నారో లేదో.

నేడు తక్కువ ధరలో దొరకు స్టేషన్లలో అత్యధికం జపాను దేశపు హాకో సంస్థ 936 అనే నమూనాకు నకళ్ళు. ఆ సంస్థ 936ను ఎన్నడో నిలిపివేసి ఎఫ్‌ఎక్స్-888 వరుసను తెచ్చినది గాని నకళ్ళు మాత్రం నేటికీ పుంఖానుపుంఖాలుగా వచ్చుచున్నవి. అసలు హాకో స్టేషను ధర విద్యార్థి జేబుకు అందదు. నకలు వేయి రూపాయల పైన, రెండు మూడు వేల లోపున దొరకును. నకలు అనగానే ముఖం చిట్లించనక్కరలేదు. దాని ముఖ్య గుణమేమనగా 900ఎమ్ అనే బిట్లు అన్ని కంపెనీల నకళ్ళకూ సరిపోవును, ఎక్కడైనా చవకగా దొరకును. సంవత్సరం తర్వాత బిట్టు దొరకని గొప్ప పరికరం కన్న నూరు చోట్ల బిట్టు దొరకే నాసి పరికరం మేలని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

అయితే కొనునప్పుడు చూడవలసినది చూడవలెను. మన విద్యార్థులు సాధారణంగా మెరిసే అంకెల తెరను చూచి మోసపోదురు. తెరపై 350 అని వెలిగినంత మాత్రాన బిట్టు కొన 350 వద్ద ఉన్నదనుకొనరాదు. సెన్సారు ఉన్నది హీటరులో, బిట్టులో కాదు. రెంటి నడుమ వదులుగా ఉంటే వేడి మధ్యలోనే నిలిచిపోవును. చవక నకళ్ళలో సిరామిక్ హీటరుకు బదులు నిక్రోమ్ తీగ చుట్ట పెట్టుట కూడ కలదు. ఒక కంపెనీ పిడిని వేరొక కంపెనీ పెట్టెకు తగిలించితే ప్లగ్గు సరిపోవచ్చును గాని ఉష్ణోగ్రత అంకెలు సరిపోకపోవచ్చును. కనుక అంకెల తెరకు అదనంగా ఇచ్చే ధనంతో త్రిప్పుడు బిరడ గల సాదా స్టేషనును, రెండు మూడు ఉలి ఆకారపు బిట్లను కొనుట యుక్తం. సూదిమొన బిట్టు చూపులకు సొగసుగా ఉండును గాని దానికి తాకే చోటే లేనప్పుడు వేడి ఎట్లు దిగును? 2 మిల్లీమీటర్ల ఉలి బిట్టు విద్యార్థి పనులలో చాలవరకు నెరవేర్చును.

హీటరు, సెన్సారు రెండూ బిట్టులోనే ఇమిడియున్న టి12 తరహావి ఇంకను త్వరగా స్పందించును. వాటి నకళ్ళూ చవకగానే వచ్చుచున్నవి. టైప్-సి చార్జరుతో పనిచేయు పైన్‌సిల్ వంటి చిన్న కడ్డీలు కూడ మంచివే. 65 వాట్ల లాప్‌టాప్ చార్జరు ఇంట ఉన్నవారికి పెట్టె ఖర్చు తప్పును. హాస్టలు గదిలో నివసించువారికి ఇవి అనుకూలం. కాని బిట్టు ఒక్కొక్కటి ఖరీదెక్కువ.

ఇంతకూ వేయి రూపాయలు కూడ లేని విద్యార్థి మాటేమి? అతనిని నేను ఆగుమని చెప్పను. సోల్డ్రాన్ వంటి మన దేశపు సాదా 25 వాట్ల కడ్డీలు కొన్ని వందల రూపాయలకే దొరకును. బల్బు మసకపరచే డిమ్మరును జతచేసిన చోట పని లేనప్పుడు వేడిని తగ్గించుకొనవచ్చును. మరొక పాత చిట్కా, వరుసలో ఒక 1ఎన్4007 డయోడు. అది సగం తరంగాన్నే పోనిచ్చును గనుక విద్యుత్తు సగమగును. కడ్డీని స్టాండుపై ఉంచినప్పుడు డయోడు మీదుగా, చేతిలోనికి తీసికొన్నప్పుడు నేరుగా కరెంటు వచ్చునట్లు ఒక స్విచ్చి అమర్చవచ్చును. ఇది 230 వోల్టుల పని కావున అధ్యాపకుని సమక్షంలో తప్ప చేయరాదు.

ఏ పనిముట్టయినను ఎర్తు విషయంలో రాజీ కూడదు. కొన్ని చవక కడ్డీలకు రెండు పిన్నుల ప్లగ్గే ఉండును. మూడు పిన్నులున్నను మన పాత ఇండ్ల గోడ సాకెట్లలో మూడవ రంధ్రం వెనుక తీగ ఉన్నదో లేదో ఇంటి యజమానికే తెలియదు. బిట్టుపైకి ప్రాకిన కొద్దిపాటి కరెంటు మనిషికి చీమ కుట్టినట్లుండును, మాస్‌ఫెట్‌కు ప్రాణాంతకమగును. మల్టీమీటరు ఉన్నవారు దుకాణంలోనే పరీక్షించవచ్చును. బిట్టు నుండి ప్లగ్గు ఎర్తు పిన్నుకు ఒకటి రెండు ఓములకు మించరాదు. బిట్టు నుండి మిగిలిన రెండు పిన్నులకు ఏమాత్రమూ దారి ఉండరాదు. సాదా 25 వాట్ల కడ్డీ అయితే ఆ రెండు పిన్నుల నడుమ సుమారు 2100 ఓములు చూపవలెను. ఓమ్ నియమంతో మీరే లెక్కకట్టి చూడుడు. దుకాణదారుడు ఈ పరీక్షకు ఒప్పుకొననిచో వేరొక దుకాణం చూచుకొనుట మంచిది.

కొన్న తర్వాత బిట్టును ఆకురాయితో రుద్దరాదు. పూర్వపు బిట్లు ఉత్త రాగివి, రుద్దితే క్రొత్త మొన వచ్చేది. నేటి బిట్లకు రాగిపై ఇనుప పూత ఉండును. ఆ పూత పోయినచో రాగిని సోల్డరే తినివేయును. పని ముగించునప్పుడు కొనకు కాస్త సోల్డరు పూసి ఆపివేయవలెను. ఇది కూడ కళాయి వేయడమే. సీసం ఆవిరియై ముక్కులోనికి పోవునని కొందరు భయపడుదురు గాని ఆ ఉష్ణోగ్రతలో అట్లు జరుగదు. పొగ రోజిన్‌ది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు, కిటికీ తెరచి ఉంచవలెను. సీసం చేతినుండి నోటికి చేరును కావున పని నడుమ తినుబండారాలు ముట్టరాదు, లేచినంతనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రయోగశాల సామగ్రికి మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానిని అంగీకరించుట మన పద్ధతి. లెక్కలకు అది నిర్దుష్టమే. కాని "సోల్డరింగ్ ఐరన్, 20" అని మాత్రమే వ్రాసినచో తక్కువ కొటేషను ఏ సరుకును తెచ్చునో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటి సెమిస్టరు గడవకముందే సగం బిట్లు మాడిపోవును, బిట్లకు కొటేషను లేదు గనుక ఆ కడ్డీలు బీరువా చేరును. దానికి బదులు ఎర్తు గల, ఉష్ణోగ్రత నియంత్రణ గల ఆరు స్టేషన్లు, ఒక్కొక్కదానికి నాలుగు బిట్లు, ఒక అదనపు పిడి కొనవచ్చును. ఇద్దరికొకటి చొప్పున పన్నెండుగురు ఒకే గంటలో పనిచేయగలరు. కొటేషను కోరే కాగితంలోనే బిట్టు రకం, 24 వోల్టుల హీటరు, ఎర్తు నిరోధం వ్రాసినచో నాసిరకం దానంతట అదే ప్రక్కకు తొలగును.

ఆ ఆరింటిలో రెంటిని గ్రంథాలయ పుస్తకాలవలె శనివారం సాయంత్రం ఇచ్చి సోమవారం ఉదయం తీసికొనవచ్చును. స్వల్పమైన డిపాజిట్టు చాలును. పుస్తకం పోవచ్చునన్న భయంతో గ్రంథాలయాన్ని మూసివేయలేదు కదా! హైదరాబాదు వరకు వెళ్ళివచ్చుటకు వీలుపడని విద్యార్థినులకు దీనివలన కలుగు మేలు ఎక్కువ. కోఠీలోని గుజరాతీ గల్లీకి ప్రయోగశాల పనిమీద ఎవరు వెళ్ళినను వారి జాబితాలో పది 900ఎమ్ ఉలి బిట్లు, 63కు 37 పాళ్ళ సోల్డరు తీగ ఒక చుట్ట చేర్చి పంపితే ఈ సంవత్సరమే పని మొదలుపెట్టవచ్చును.