ఈక ఈగ... ఏటి చేప!

గాలానికి వానపాము లేదు. దారంతో చుట్టిన చిన్న ఈక ఉందంతే! అది ఈగేననుకుని గబుక్కున అందుకుంటుంది బ్రౌన్ ట్రౌట్. ఈ వేట చూడాలంటే హిమాచల్‌ప్రదేశ్‌లోని కులు జిల్లాలో, తీర్థన్ అనే చిన్న నది దగ్గరికి వెళ్లాలి.

ఈకకు బరువుండదు. బరువంతా తాడుదే. దాన్ని వెనక్కీ ముందుకీ ఊపి వదిలితే ఈగ నీటిమీద మెత్తగా వాలాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలుస్తుంది. కాబట్టి వేటగాడు దిగువ నుంచి, దాని వెనకగా రావాలి. నీడ పడిందా... రాళ్లచాటుకు మాయం!

నిజానికి ఇది మన చేప కాదు, బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలింది. నీరు చల్లగా, తేటగా ఉంటేనే బతుకుతుంది. గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే కాలం కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట నిషేధం. తర్వాతైనా లైసెన్సు తప్పనిసరి. జలవిద్యుత్ ప్రాజెక్టులు వద్దంటూ స్థానికులు పోరాడి తీర్థన్‌ని కాపాడుకున్నారు. ఏరు ఆగితే ట్రౌటూ ఉండదు మరి!