లా విద్యార్థికి బ్యానరు కాదు, ఫైలు ఇవ్వాలి



ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరూ రేకు పల్చదనాన్నీ, నేతి ఘుమఘుమనీ మెచ్చుకున్నారు. దాని వెనక నడిచిన కాగితాల పని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి తయారీదారుల సంఘం దరఖాస్తు చేస్తే, తోడు నిలిచింది విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. బోర్లించిన కుండ మీద పల్చని పిండి పూసి రేకు తీయడం ఆ ఊరి ఆడవాళ్లకు చేతి విద్య. ఆ రేకు చరిత్ర ఏమిటి, ఏ హద్దుల్లో, ఎలా చేస్తే అది ఆత్రేయపురం పూతరేకు అవుతుంది అని 1999 నాటి చట్టం అడిగే ప్రశ్నలకు జవాబు రాయడం వేరే విద్య.

గుర్తింపుతో పని తీరిపోలేదు కూడా. సంఘం పేరు నమోదైనా, తయారుచేసే ఒక్కొక్కరూ అధీకృత వినియోగదారుగా మళ్లీ నమోదు కావాలి. ఇంటింటికీ వెళ్లి ఆ ఫారాలు నింపించే జనం ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ లేరు. లా కాలేజీల్లో ఉన్నారు.

వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలి. మూడేళ్ల కోర్సువాళ్లు 12 వారాలు, అయిదేళ్లవాళ్లు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. చాలాచోట్ల ఇది ఏడాదికోసారి ఒక ఊళ్లో టెంటు, బ్యానరు, గ్రూప్ ఫొటోగా, సీనియర్ ఆఫీసులో వాయిదా తేదీలు రాసుకుని తెచ్చుకునే సర్టిఫికెట్‌గా మిగిలింది. మూట్ కోర్టు అనే నమూనా విచారణలో రాజ్యాంగ ధర్మాసనం ముందు గడగడా వాదించిన కుర్రాడికి, ఇద్దరు అన్నదమ్ముల టిఫిన్ సెంటర్‌కి భాగస్వామ్య ఒప్పందం రాయమంటే చెమటలు పడతాయి.

అసలు అవసరం అక్కడే ఉంది. ఓ చిన్న కార్ఖానా సంగతే చూడండి. సరుకు తీసుకున్న పెద్ద కంపెనీ ఆరు నెలలైనా బిల్లు చెల్లించదు. గట్టిగా అడిగితే వచ్చే ఆర్డరు పోతుందేమోనని యజమాని భయం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మాత్రం ఆయన పక్షానే ఉంది. ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు మించకూడదు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బకాయిల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. కౌన్సిల్ తీర్పును కొట్టేయించుకోవాలని కోర్టుకెళ్లే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ కట్టాలి. ఇంత పదునైన కత్తి ఒరలోనే తుప్పు పడుతోందంటే కారణం కాగితాలు. పర్చేజ్ ఆర్డరు ఒక చోట, ఇన్‌వాయిస్ ఇంకో చోట, సరుకు ముట్టినట్టు సంతకం చేసిన చలాను లారీ డ్రైవరు దగ్గర. సరుకు పంపేనాటికే చిన్న సంస్థగా ఉద్యమ్ నమోదు ఉంటే పేచీ ఉండదు, కానీ ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు. ఉచితంగా జరిగే ఆ నమోదుకు డబ్బు గుంజే దళారులు మాత్రం దొరుకుతారు. మూడో ఏడాది విద్యార్థి ఓ వారం ఈ ఫైలు ముందేసుకుని కూర్చుంటే కార్ఖానాకు దరఖాస్తు తయారవుతుంది, అతనికి కాంట్రాక్టు చట్టం ఒంటబడుతుంది.

స్వచ్ఛంద సంస్థలదీ ఇదే కథ. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. బైలాలు మాత్రం జిరాక్స్ షాపులో దొరికిన ఇంకో సంఘానివి. పిల్లల బడి నడిపేవాళ్ల ఆశయాల్లో పశువైద్య శిబిరాలు కనిపించినా ఆశ్చర్యం లేదు. దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జి గుర్తింపు వచ్చిందని మురిసిపోతే, 2020 ఫైనాన్స్ చట్టం తెచ్చిన దాతల పట్టిక మే 31లోగా ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు పడుతుందని నోటీసు వచ్చాక గానీ తెలియదు.

1987 నాటి న్యాయసేవల చట్టం ఉంది కదా అనొచ్చు. అందులో ఉచిత సాయానికి అర్హులు స్త్రీలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కార్మికులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు మొదలైనవారు. చిరు వ్యాపారి, స్వచ్ఛంద సంఘం ఆ జాబితాలో విడిగా లేవు.

ఈ ఖాళీని లా కాలేజీలు పూడ్చగలవనడానికి ఉదాహరణ ఉంది. షికాగో విశ్వవిద్యాలయం లా స్కూల్లో 1998 నుంచి చిరు వ్యాపారుల కోసమే ఒక న్యాయ సహాయ క్లినిక్ నడుస్తోంది. తోపుడుబండ్ల మీద వండిన తిండి అమ్ముకునేవాళ్ల పక్షాన అది పనిచేసింది, 2015లో నగర కౌన్సిల్ ఆ అమ్మకాలను చట్టబద్ధం చేసింది.

పట్టా రానివాళ్లు వకాల్తా పనులు చేయొచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ముసాయిదాలు రాయడం, సలహా ఇవ్వడం కూడా ప్రాక్టీసేనని సుప్రీంకోర్టు 2018లో ఏ.కె. బాలాజీ కేసులో తేల్చింది. కాబట్టి విద్యార్థి రాసిన ప్రతి కాగితాన్నీ అడ్వకేటు చూసి, బాధ్యత తీసుకోవాల్సిందే. జీతం మీద పూర్తికాలం పనిచేసే అధ్యాపకులు ప్రాక్టీసు చేయకూడదు. అయితే ప్రాక్టీసులో ఉన్న లాయరు రోజుకు మూడు గంటలు మించకుండా పాఠం చెప్పొచ్చని 1979 నిబంధనలు అనుమతిస్తున్నాయి. ఆ మూడు గంటలూ క్లాసులోనే గడవాలా, క్లినిక్ బల్ల దగ్గర గడిస్తే తప్పా? స్థానిక వకీళ్ల పొట్ట కొట్టడమే అన్న వాదన అంత నిలబడదు. ఇలాంటి క్లయింట్లు ఇప్పుడు వెళ్తున్నది వాళ్ల దగ్గరికి కాదు, ఇంటర్నెట్ సెంటర్‌కి.

కొత్త కోర్సూ అక్కర్లేదు. మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ పేపరులోని 100 మార్కుల్లో క్లయింటుతో మాట్లాడే పద్ధతికి, ఇంటర్న్‌షిప్ డైరీకి ఇప్పటికే 30 ఉన్నాయి. ఆ 30 నడుస్తున్న ఫైలు చూసి వేయాలి. ఎండాకాలం సెలవుల్లో నోటీసు వస్తే జవాబు ఎవరిస్తారో, పాస్ అయి వెళ్లిపోయే విద్యార్థి ఫైలు ఎవరికి అప్పగించాలో విశ్వవిద్యాలయాలు వచ్చే జూన్‌లోపే రాతపూర్వకంగా తేల్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు
రాజమహేంద్రవరం