చాదస్తం అనే ముందు

"మా అత్తయ్యకి వేరే ఏమీ లేదండీ, చాదస్తం అంతే. ఆ బి.పి. మాత్రలు రాసిచ్చేస్తే వెళ్ళిపోతాం."

మా ఓ.పి.లో ఈ మాట వినబడని వారం ఉండదు. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పొద్దున్నే మొదటి బస్సుకు ఆ పెద్దావిడ చేయి పట్టుకుని తీసుకువచ్చి, చీటీ కోసం వరుసలో నిలబడినవాళ్ళే. ఆవిడ మాత్రం గోడ పక్క బల్ల మీద కూర్చుని, తన గురించి అందరూ మాట్లాడుకోవడం వింటూ ఉంటుంది. ఆ ఒక్క మాట చాటున ఎన్ని జబ్బులు మా గుమ్మం దాకా వచ్చి, బయటపడకుండానే తిరిగి ఇంటికి వెళ్ళిపోతున్నాయో చెప్పాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

నిజానికి చాదస్తం జబ్బు పేరు కాదు. ఛందస్సు అంటే వేదం. వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. చదివినదాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకుని లోకం తీరు పట్టించుకోని మనిషిని చూసి జనం నవ్వుకోగా, ఛాందసం కాస్తా వాడుకలో చాదస్తం అయింది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే తాతగారిది చాదస్తమే. రైలు ఎనిమిదింటికైతే ఆరింటికే అందర్నీ స్టేషనులో కూర్చోబెట్టే నాన్నగారిదీ చాదస్తమే. ఆయనకు ముప్పయ్యేళ్ళప్పుడూ ఆ గుణం ఉంది. దానికి మందు లేదు, అక్కరా లేదు. మా స్టోరు లెక్కలు చూసేవారికి ఆ గుణం కాస్త ఎక్కువే, అది లేకపోతే మాకు నెల గడవదు.

చిక్కు ఎక్కడంటే, అరవయ్యేళ్ళుగా లేనిది డెబ్బయ్యో ఏట కొత్తగా మొదలైనా దానికీ ఇదే పేరు పెట్టేస్తున్నాం. పేరు పెట్టడంతో పని అయిపోతోంది. చాదస్తానికి ఎవరైనా రక్తపరీక్ష చేయిస్తారా?

ఈ విషయంలో మన పాతతరం వాళ్ళే నయం. ఏళ్ళ తరబడి మెల్లగా వచ్చే మార్పును చాదస్తమనో, మతి తప్పడమనో అన్నా, జ్వరంలో ఉన్నట్టుండి లేనివాళ్ళను పిలవడం, పక్కబట్టలు పీకడం, రాత్రంతా పొంతన లేకుండా మాట్లాడడం కనిపిస్తే దాన్ని సంధి అనేవారు. సంధి పుట్టిందంటే ప్రాణం మీదికి వచ్చిందని ఇంటిల్లిపాదీ లేచి కూర్చునేవారు. వైద్యులు ఈనాటికీ ఈ రెండింటినీ వేరుగానే చూస్తారు. నెలలు, ఏళ్ళ మీద వచ్చేది డిమెన్షియా. గంటల్లో, రెండు మూడు రోజుల్లో వచ్చిపడేది డెలీరియం. సంధి ప్రేలాపన అన్న మాట ఇప్పుడు రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడానికి మిగిలింది. ఇళ్ళల్లో మాత్రం రెండూ కలిసి చాదస్తం గంపలో పడిపోయాయి.

దీనివల్ల నష్టం చిన్నది కాదు. పెద్దవయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, న్యుమోనియా వచ్చినా ఒళ్ళు కాలకపోవచ్చు. దగ్గూ, మంటా లేకపోవచ్చు. మాట తడబడడమే మొదటి గుర్తు కావచ్చు. రక్తంలో సోడియం తగ్గినా, వేసవిలో ఒంట్లో నీరు తగ్గినా, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర పడకపోయినా, దుకాణంలో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్ర వల్ల కూడా ఇలా జరుగుతుంది. మొన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ మారిపోతే అది ఆ రోజే ఆసుపత్రికి రావలసిన విషయం. ఆదివారం అయినా సరే.

ఒక పెద్దాయనను మూడు వారాలు ఇంట్లోనే ఉంచుకుని ఆ తరువాత తీసుకువచ్చారు. పగలు మగతగా ఉంటున్నారు, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, చనిపోయిన తమ్ముడి కోసం వెతుకుతున్నారు. "పెద్దతనం కదండీ" అన్నాడు కొడుకు. స్నానాలగదిలో ఎప్పుడైనా జారిపడ్డారా అని అడిగితే, నెలన్నర క్రితం పడ్డారని కోడలు గుర్తు చేసింది. అప్పుడు తలకు చిన్న బొప్పి తప్ప ఏమీ కాలేదట. స్కానింగులో చూస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య నెత్తురు చేరి ఉంది. పట్నం పంపించాం, ఆపరేషన్ జరిగింది. రెండు నెలలకు ఆయనే బస్సెక్కి వచ్చి, మా కాంటీనులో టీ తాగి, చక్కెర ఎక్కువైందని గొడవపెట్టుకున్నారు. ఇదిగో, అసలైన చాదస్తం తిరిగి వచ్చిందని మేమంతా సంతోషించాం.

తప్పంతా ఇళ్ళదే అని మేము అనడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒకావిడకు మేమే "వయసు అమ్మా, ఇంతే" అని చెప్పి పంపాం. ఏ పనీ చేయబుద్ధి కాక, మాట మందగించి, దేనికీ జవాబు చెప్పకుండా కూర్చునేది. ఏడాది తరువాత కాళ్ళవాపు అని వస్తే చేసిన పరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని తేలింది. రోజుకొక చిన్న మాత్రతో ఆవిడ చాలావరకు కోలుకుంది. ఆ ఏడాది మాత్రం పోయినట్టే. అప్పటి నుంచి కొత్తగా మతిమరుపు వచ్చిందని ఎవరు చెప్పినా థైరాయిడ్, బి12, షుగరు, సోడియం చూడకుండా మేము పంపడం లేదు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో, మాంసాహారం ముట్టనివారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. మనసు కుంగిపోయినా ఇలాగే కనిపిస్తుంది, భర్త పోయిన ఏడాదిలో వచ్చిన మార్పును అందుకే తేలికగా తీసుకోకూడదు. ఇక కొందరి చాదస్తం చెవుల్లో ఉంటుంది. అడిగిందే అడుగుతున్నారని విసుక్కుంటాం. మొదటిసారి చెప్పింది వినబడితే కదా! గులిమి తీయిస్తే సగం తగ్గిన సందర్భాలు కూడా చూశాం.

ఇవన్నీ చూశాక మిగిలేది డిమెన్షియా. అదీ జబ్బే, వయసు కాదు. 1906లో జర్మనీలో అలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు ఈ జబ్బును మొదటిసారి వివరించినప్పుడు ఆయన చెప్పిన రోగి ముసలావిడ కాదు. 1901లో ఆసుపత్రిలో చేరేనాటికి ఆమెకు 51 ఏళ్ళు. మన దేశంలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2023లో వెలువడింది. అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అందులో లెక్కగట్టారు. అది చిన్న సంఖ్య కాదు. కానీ అదే లెక్క ప్రకారం నూటికి తొంభై మందికి పైగా ఆ జబ్బు లేదు. వయసే కారణమైతే వాళ్ళకు ఎందుకు రాలేదు?

దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కొందరికి కొంతకాలం మేలు చేసే మందులు ఉన్నాయి. బి.పి., షుగరు అదుపులో పెట్టడం, చెవిటితనానికి మిషను పెట్టించడం, పొగ మానడం వంటివి ముందు నుంచీ చేస్తే ముప్పు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇది జబ్బు అని తెలిసిన ఇంట్లో తిట్లు తగ్గుతాయి. "కావాలనే చేస్తోంది, నన్ను సాధించడానికే" అని ఏడ్చిన కోడళ్ళను మేము చూశాం. కావాలని చేయడం లేదని తెలిశాక వాళ్ళే పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవడమూ చూశాం.

మరి ఏమనాలి? పత్రికల్లో చిత్తవైకల్యం అని రాస్తున్నారు. ఆ మాట వింటే పిచ్చి అనుకుని జడుసుకుంటారు. మతిమరుపు అంటే కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం గుర్తుకు వస్తుంది. పైగా కొందరిలో ముందు పోయేది జ్ఞాపకం కాదు, నడవడిక. జపానులో పాత పేరులో తెలివితక్కువతనం ధ్వనిస్తోందని 2004లో ప్రభుత్వమే పేరు మార్చింది. మనకు అంతవరకు అక్కరలేదనిపిస్తుంది. బి.పి., షుగరు, టి.బి. ఏ ఊళ్ళోనైనా తెలుగు మాటలైపోయాయి, డిమెన్షియా కూడా అవుతుంది. నోరు తిరగకపోతే మెదడు జబ్బు అనండి, చాలు.

ఇంకొక్క సంగతి. పలకరించడానికి వచ్చినవాళ్ళు మంచం దగ్గర నిలబడి "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. చెప్పలేక ఆ పెద్దమనిషి ముఖం చిన్నబోతుంది. పదిమంది నవ్వుతారు. దయచేసి అలా చేయకండి. "నేను ఫలానా, ఫలానావారి అబ్బాయిని" అని మీరే చెప్పి కూర్చోండి. పేర్లు మరిచినవారు కూడా చిన్ననాటి పాటలు చరణం తప్పకుండా పాడడం మా వార్డులో ఎన్నోసార్లు విన్నాం. వారితో కలిసి ఒక పాట పాడి వెళ్ళండి.

ఇంట్లో పెద్దవారిలో కొత్త మార్పు కనిపిస్తే ఎప్పటి నుంచి మొదలైందో ఒక కాగితం మీద రాసుకుని, వాడుతున్న మందులన్నీ, నాటు మందులతో సహా, సంచిలో వేసుకుని తీసుకురండి. ఎక్కడికి వెళ్ళాలో తోచనివారు పెద్దల కోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు ఫోను చేయవచ్చు. వచ్చాక వారిని బయట బల్ల మీద వదిలేయకండి. లోపల డాక్టరు ఎదుటి కుర్చీ వారిది. ముందు వారినే మాట్లాడనివ్వండి, మీరు తరువాత చెప్పండి.